నమూనా తప్పిన కోటు

కాంగో రాజధాని కిన్షాసా నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు ఒకాయన గల్ఫు దేశంలో, అబ్బాసియాలోని నా టైలర్ షాపుకు వచ్చాడు. చర్చికి వేసుకోవడానికి కోటు కావాలని వాళ్ళ నాన్న పాత ఫోటో ఇచ్చాడు. నమూనా చేతికిస్తే గుండీ కూడా మార్చకుండా కుడతానని నాకు గర్వం. ఫోటోలోలాగే మెడ మూసి కుట్టాను.

చూడగానే ఆయన ముఖం మాడిపోయింది. ఫోటో ఇచ్చింది భుజాల తీరు కోసమేనట.

"ఫోటోలో ఉండేదే కదప్పా కుట్టినా!" అని కడప తెలుగులోనే అరిచాను.

ఆయన అరబీ, ఇంగ్లీషు కలిపి నిదానంగా చెప్పాడు. తెల్లవాళ్ళు కిన్షాసాకు తమ రాజు పేరు పెట్టారట. స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి పాత పల్లె పేరే ఊరి పేరైంది. ఆ పేరు పెట్టిన పాలకుడే తర్వాత టై తెల్లవాళ్ళ వేషమని, అది కట్టకూడదని, మెడ మూసిన కోటే వేసుకోవాలని అన్నాడు.

"మా నాన్న దీన్ని పెట్టెలో దాచుకున్నాడు," అంటూ జేబులోంచి ఎర్ర టై తీశాడు.

నేను కుట్లు విప్పి, టై కనబడేలా మెడ తెరిచి, కొత్త గుడ్డతో ముందుభాగం మళ్ళీ కోసి కుట్టాను. మర్నాడు అద్దం ముందు ఆయన టై కట్టుకుంటే, ముడి కాలరులో చక్కగా కూర్చుంది.

నా జీవితంలో నమూనా తప్పి కుట్టిన కోటు అదొక్కటే. అందరికీ గొప్పగా చెప్పుకునేదీ దాని గురించే.