మళ్లీ సారుకి అర్థం కాని ఫర్నేసు

మూతపడబోతున్న మా సీసాల ఫ్యాక్టరీని గట్టెక్కించమని ప్రభుత్వం పంపిన అధికారికి ఏదీ ఒకసారి చెబితే అర్థమయ్యేది కాదు. రెండోసారి చెప్పినా అంతే. చివరిదాకా తలూపుతూ వినేవాడు, కళ్లజోడు తుడుచుకునేవాడు, "మళ్లీ చెప్పండి" అనేవాడు. వారం తిరక్కుండానే 'మళ్లీ సారు' అని పేరు పడిపోయింది.

అంతకుముందు ఆయన పనిచేసింది పశువైద్య శాఖలో. గాజు కరిగించే ఫర్నేసు చూడగానే, "ఇది పూటకెంత తింటుందయ్యా?" అన్నాడు.

"ఇసకా, సోడా, పగిలిన గాజూ, ఎంత వేస్తే అంత సార్," అన్నాను. నేను ఫర్నేసు మేస్త్రీని. చదువు లేదు, చేతులు కాల్చుకుని నేర్చుకున్న పని.

"రాత్రుళ్లు పడుకోదా?"

"పడుకుంటే ఇక లేవదు సార్. ఆరిపోతే లోపలి గాజు గడ్డకట్టి ఫర్నేసు పగిలిపోతుంది. కొత్తది కట్టే స్తోమత కంపెనీకి లేదు. అందరం ఇంటికే."

"మళ్లీ చెప్పండి."

చెప్పాను. పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఆవిడతో కూడా నేనిన్ని మాటలు మాట్లాడలేదు. నేను అలిసిపోతే సీసాల అచ్చులు బిగించే ఫిట్టర్ అందుకునేవాడు, అతను అలిసిపోతే సీసాలు ఏరే అక్క.

"ఈయన దగ్గర పశువులెలా బతికాయి తమ్ముడూ?" అంది అక్క.

"రోగమేంటో ఈయనకి అర్థమయ్యేలోపు వాటంతటవే లేచి వెళ్లిపోయుంటాయి," అన్నాను.

ఇంతలో పైనుంచి ఆర్డరొచ్చింది. ఫ్యాక్టరీని అమ్మేస్తున్నాం, కొనేవాళ్లు దొరికేదాకా మంట దండగ, ఆర్పేయండి అని. పైవాళ్లలో ఒక్కరూ ఫర్నేసు మొహం చూసినవాళ్లు కారు. గదిలో లైటు తీసినట్టే అనుకున్నారు. మాకది నోట్లో మట్టి కొట్టడమే.

నేను బిక్కచచ్చి సారు గదికి వెళ్లేసరికి ఆయన ఫోన్లో ఉన్నాడు.

"ఆర్పుతానండీ. ఎలా ఆర్పాలో అర్థం కాలేదు... ఆ, మేస్త్రీ చెప్పాడండీ... మళ్లీ చెప్పమన్నాను."

అప్పట్నుంచి రోజూ అదే ఫోను, అదే జవాబు. అవతలివాళ్ల అరుపులు వరండాలోకి వినపడేవి. "నీలాంటి మొద్దుని నా సర్వీసులో చూళ్లేదు!" అన్నది ఫ్యాక్టరీ అంతా విన్నది. సారు వినయంగా, "అవునండీ," అన్నాడు.

చివరికి కొనేవాళ్లు వచ్చారు. నేను గొంతు సవరించుకునేలోపే సారు మొదలెట్టాడు. మంట ఎటు తిరుగుతుందో, ఇటుక ఎక్కడ అరుగుతుందో, ఆరితే ఏం పోతుందో, ఎక్కడా తడుముకోకుండా చెప్పేశాడు. మండుతున్న ఫర్నేసు గనక బేరం కుదిరింది.

వాళ్లు వెళ్లాక అడిగాను. "సార్, ఇదంతా మీకెప్పుడు అర్థమైంది?"

"నువ్వు మొదటిసారి చెప్పినప్పుడే."

"మరి ఇన్నాళ్లూ నా గొంతెందుకు ఎండబెట్టారు?"

కళ్లజోడు తుడుచుకున్నాడు. "అర్థమైందంటే ఆర్పాలి కదయ్యా."

తర్వాత ఆయన్ని నష్టాల్లో ఉన్న ఒక చక్కెర మిల్లుకి వేశారు. అక్కడి బాయిలర్ మేస్త్రీ కంగారుగా నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, మీ దగ్గర్నుంచి ఒకాయన్ని తెచ్చి మా నెత్తిన పెట్టారు. మనిషెలాంటివాడు?"

"ఆయనకేదీ అర్థం కాదు తమ్ముడూ," అన్నాను. "హాయిగా పడుకో."