ఏడో గేరు కచేరీలో నా కేక

ఒక్క మనిషి, చేతిలో మైకు లేకుండా, వేదిక ఎక్కకుండా, ఊరికే నోరు తెరిచి, వేలమంది వింటున్న పాటను మధ్యలో ఆపగలడా? ఆపగలడు. నేను ఆపాను. అంతటితో అయిపోతే ఈ సంగతి చెప్పుకోవడానికి ఇంత సిగ్గయ్యేది కాదు. ఆ పాపం చేసినవాణ్ణి పట్టుకోవడానికి వేసిన కమిటీకి నేనే పెద్దను కూడా అయ్యాను. నవ్వదలచినవాళ్ళు ఇక్కడినుంచే మొదలుపెట్టండి, ముందుముందు తీరిక దొరకదు.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ళకు జరిగింది ఇది. అప్పుడు నేను పాలమూరులో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నానన్నది మా బాపు నమ్మకం. నేను నిజంగా చేసేది మాత్రం ‘ఏడో గేరు’ పాటలు వినడం. ఏడో గేరంటే హైదరాబాదు రాక్ బ్యాండు. నలుగురు మనుషులు, రెండు గిటార్లు, మూరెడేసి జుట్లు. మా ఊళ్ళో ఏ బండికీ లేని గేరును పేరుగా పెట్టుకున్నవాళ్ళు మామూలు మనుషులు ఎందుకవుతారు? వాళ్ళ పాట వింటే నాకు ఒళ్ళు పులకరించేది. మా బాపు ఒకసారి నా ఫోనులో విని, “ఎవన్నో కొడుతున్నట్టున్నరు, పోయి ఇడిపియ్యరాదుర” అన్నాడు.

బస్టాండు వెనక సుధాకరన్నకు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉండేది. మా అభిమానుల గుంపుకు ఆయనే పెద్ద. ఆదివారం సాయంత్రం దుకాణం సగం షట్టరు దించి, లోపల కూర్చొని మేమంతా ఏడో గేరు పాటల గురించి కొట్టుకునేవాళ్ళం. దవాఖానలో రక్తపరీక్షలు చేసే రజిత కూడా వచ్చేది. ఎవరి రక్తంలో ఏముందో చూసీ చూసీ, ఎవరి మాటలో ఎంత నిజముందో కూడా చూపుతోనే తేల్చేసే పిల్ల ఆమె. వీళ్ళిద్దరూ కాక నాలాంటి కాలేజీవాళ్ళు మరో నలుగురు. కిరాయి గదిలో ఒంటరిగా పడి ఉండే నాకు ఆ ఊళ్ళో ఉన్న దిక్కు ఆ ఆరుగురే.

సుధాకరన్నకు ‘ఆఖరి స్టేషన్’ అనే పాటంటే ప్రాణం. ఏడో గేరువాళ్ళు దాన్ని రికార్డు చేశారే తప్ప కచేరీల్లో ఎప్పుడూ పాడలేదు. ఆ ఏడు హైదరాబాదులో పాడతామని ప్రకటించారు. సుధాకరన్న పెళ్ళికి కుట్టించుకున్న చొక్కా తీసి ఇస్త్రీ చేయించాడు. ఏడుగురం కలిసి రైలెక్కాం.

మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. మొదటి పది పాటలకు అందరితోపాటు నేనూ అరిచాను, గంతులేశాను. ఆ గోలలో ఎవరి కేక ఏమిటో ఎవరికి తెలుస్తుంది? ఎద్దుల జాతరలో దూడ అంబా అంటే ఎవడు పట్టించుకుంటాడు! అప్పుడు మొదలయింది ఆఖరి స్టేషన్. సగం పాటయ్యాక గాయకుడు చెయ్యెత్తాడు. డ్రమ్ములు ఆగాయి, గిటార్లు ఆగాయి, జనం ఆగారు. అతని గొంతు ఒక్కటే, ఏ వాద్యమూ లేకుండా, సన్నగా సాగుతోంది. నా పక్కన సుధాకరన్న ఏడుస్తున్నాడు. నాకూ గుండె నిండిపోయింది. అంత అందమైనది నేను అంతకుముందు వినలేదు, ఆ మాట ఇప్పటికీ అంటాను.

అలాంటప్పుడు తెలివైన అభిమాని ఏం చేస్తాడు? కళ్ళు తుడుచుకుంటాడు. లేదా చేతులెత్తి సన్నగా “ఊఁ” అంటూ ఊగుతాడు. నేనూ ‘ఊఁ’ అందామనే కళ్ళు మూసుకొని నోరు తెరిచాను. కానీ గొంతు అలవాటు గొంతుదే. మా బాపుకు ఎనభై గొర్రెలు. ఆరేళ్ళప్పటినుంచి సెలవు దొరికితే చాలు, వాటి వెంట చెలకల్లో తిరిగినవాణ్ణి. నా గొంతు ఒంటరిగా, గట్టిగా లేచింది అప్పటిదాకా ఒకే ఒక్క పనికి.

“హుర్ర్ర్ర్... ట్రూయ్యో... ట్రూయ్యో... హాయ్!”

ఇది దూరం పోయిన గొర్రెలను వెనక్కి పిలిచే కేక. ఏ ఇంటి కాపరి కేక ఆ ఇంటికే ఉంటుంది, ఏ మంద చెవి ఆ కేకకే తిరుగుతుంది. రెండు చెలకల అవతల ఉన్న జీవానికి వినబడాలి కాబట్టి చిన్నగా వేయడం ఎవరూ నేర్పరు. ఆ నిశ్శబ్దంలో అది మైదానం ఈ మూలనుంచి ఆ మూలకు పోయి, వేదిక ఎక్కి, మైకులో దూరి, స్పీకరు పెట్టెలన్నిటిలోంచి మళ్ళీ బయటికి వచ్చింది.

గాయకుడు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. పాడాల్సిన చరణం మరిచిపోయాడు. డ్రమ్ములాయన పాపం ఆదుకుందామని తరవాతి పాట దరువు ఎత్తుకున్నాడు. ఆఖరి స్టేషన్ ఒక స్టేషను ముందే ఆగిపోయింది.

నేను కళ్ళు తెరిచేసరికి ముందు వరసలవాళ్ళంతా వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఏం చేయను? నేనూ వెనక్కి తిరిగి చూశాను. నా వెనకవాడు తన వెనకకు చూశాడు. అలా మైదానం చిట్టచివర బఠాణీలు అమ్మేవాడిదాకా అందరూ తిరిగారు. వాడు మాత్రం పొట్లం కట్టుకుంటూ ఉన్నాడు.

వారం తరవాత ఆదివారం దుకాణంలో కూర్చున్నాం. కచేరీలో ఎవరికి ఏమనిపించిందో ఒక్కొక్కరూ చెప్పాలి, అది మా ఆనవాయితీ. ఒకడు గిటారు గురించి మొదలుపెట్టబోతే సుధాకరన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

“గిటారు సంగతి తర్వాత. గా ఒర్లుడు ఎవనిదో ముందు తేలాలె.”

“అన్నా, మైకే గట్ల మొత్తుకున్నదేమో!” అన్నాడొకడు.

“మైకు ట్రూయ్యో అంటదారా?”

“పోలీసోళ్ళ విజిల్ గావొచ్చు” అన్నాడు మరొకడు.

“విజిల్‌కు హాయ్ ఎక్కడిదిరా? అది మనిషి గొంతే.” సుధాకరన్న నా వైపు తిరిగాడు. “నువ్వేమంటవ్ మల్లేశ్?”

చెప్పేయవలసిన క్షణం అదే. “నేనే అన్నా, తప్పయింది” అంటే రెండు తిట్లతో పోయేది. కానీ సుధాకరన్న కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“ఎవడన్న హైదరాబాదోడే అయ్యుంటడన్నా” అన్నాను. “మన పాలమూరోళ్ళు గంత బుద్ధిలేని పని చెయ్యరు.”

రజిత నన్నే చూస్తూ, “మల్లేశ్ మస్తు బాధపడుతున్నడన్నా. వెతికే పని ఆయనకే అప్పజెప్పు” అంది.

“మంచిది. కమిటీకి నువ్వే పెద్దవు” అన్నాడు సుధాకరన్న. “ఒక మాట ఇను. దొరికినోడు మన గుంపుల మనిషైనా సరే, వాన్ని నా దుకాణం మెట్లెక్కనియ్య.”

నేను తాగుతున్న చాయ్ కింద పెట్టేశాను. ఆ మెట్లు ఎక్కనివ్వకపోతే ఆదివారం సాయంత్రాలు నేను ఎక్కడికి పోవాలి? గదిలో గోడ ముందు కూర్చొని దానితో గిటారు గురించి వాదించాలా? ఆ భయంతోనే నా వేషం ముదిరింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడు నయం, నేను పక్కవాళ్ళ భుజాలు తడమడం మొదలుపెట్టాను. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు, నోట్లో కేకను పెట్టుకొని హైదరాబాదంతా వెతికాను. తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ ఫోన్లు చేసి, “మీ దగ్గర నిలబడ్డోళ్ళల్ల ఎవరన్న అనుమానంగ కనబడ్డరా?” అని అడిగాను. అది చాలదని మా వాట్సాప్ గుంపులో పాపికి బహిరంగ లేఖ కూడా రాశాను.

ఇలా మూడు ఆదివారాలు గడిచాయి. కచేరీ మొత్తం ఎవరో రికార్డు చేసింది సుధాకరన్నకు దొరికింది. నాలుగో ఆదివారం రజిత అంది: “గొర్లోళ్ళ ఇంటి పిలగాడు దోస్తయి ఉండి, ఇంతవరకు యాటకూర తినలే మనం. మీ ఊరికి తీస్కపో మల్లేశ్.” కమిటీ పెద్ద హోదాలో కాదనలేకపోయాను.

మా ఊరు కల్వకుర్తి దాటాక లోపలికి ఉంటుంది. పల్లికాయ పీకేసిన చెలకలో, వేపచెట్టు నీడన అమ్మ చాపలు పరిచింది. బాపు మందను అవతలి గట్టుకు తోలి, మమ్మల్ని పలకరించడానికి వచ్చాడు. రజిత కూర్చుంటూనే మొదలుపెట్టింది.

“బాపూ, మీ కొడుకు ఎంత మంచిగ రాస్తడో ఎరుకనా? మల్లేశ్, గా లేఖ జర సదివి ఇనిపియ్యి.”

తప్పలేదు. ఫోను తీసి చదివాను. “ఓ అజ్ఞాత పాపీ! పాట ప్రాణం పోసుకుంటున్న వేళ నోరు తెరిచినవాడా! నీకు గొంతు ఇచ్చిన దేవుడు బుద్ధి ఇవ్వడం మరిచాడా? నిన్ను కన్నవాళ్ళు నీకు నలుగురిలో ఉండే పద్ధతి నేర్పలేదా?”

బాపు శ్రద్ధగా విని తల ఆడించాడు. “మంచిగ రాసినవ్ బిడ్డా. వాని తండ్రి ఎవడో గానీ, పెంపకం సక్కగ లేదు.”

ఆ మాట అని ఆయన తన గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు. మిగతా ఆరుగురూ ఒక్కసారే మంచినీళ్ళు తాగడం మొదలుపెట్టారు. అందరికీ ఒకేసారి దాహం ఎందుకయిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

అమ్మ జొన్నరొట్టెలూ కూరా వడ్డించింది. సుధాకరన్న చిన్న స్పీకరు తీసి చాప మీద పెట్టి ఆఖరి స్టేషన్ వేశాడు. డ్రమ్ములు ఆగాయి, గిటార్లు ఆగాయి. నేను రొట్టె ముక్కను కూరలో ముంచి, పైకి ఎత్తకుండా అలాగే పట్టుకున్నాను.

“హుర్ర్ర్ర్... ట్రూయ్యో... ట్రూయ్యో... హాయ్!”

అవతలి గట్టున ఎనభై తలలు ఒక్కసారి లేచాయి. మరుక్షణం ఎనభై గొర్రెలు, పిల్లలతో సహా, దుమ్ము లేపుకుంటూ మా మీదికి ఉరికి వచ్చాయి. చాప తొక్కాయి, నీళ్ళ బిందె దొర్లించాయి. ఒకటి సుధాకరన్న చేతిలోని రొట్టె లాక్కుంది. పెద్ద పొట్టేలు స్పీకరును రెండుసార్లు వాసన చూసి, అందులో నేను లేనని తేల్చుకొని, వచ్చి నా పక్కన నిలబడింది. విస్తట్లో ఉన్నది దాని చుట్టమే కాబట్టి నేను దాని మొహం చూడలేకపోయాను.

వెనకే బాపు రుమాలు జారిపోతుంటే పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు.

“ఏంరా మల్లేశా! కడుపునిండ మేస్తున్న జీవాలను ఎందుకు పిల్చినవ్?”

“నేను పిల్వలే బాపు.”

“పిల్వకుంటే ఎట్లొస్తయిరా? పొద్దుగాల నుంచి నేను మొత్తుకుంటే ఒక్కటి ఇటు మళ్ళలే!”

“నేను గాదు. గా డబ్బల నుంచి వచ్చింది.”

“డబ్బల నుంచి నీ గొంతెందుకొస్తది? నాకు ఎరుకలేదా నీ పిలుపు? నేర్పింది నేను!”

నేను చూపు దించుకున్నాను. అంతా అయిపోయింది అనుకున్నాను. సుధాకరన్న మొహం చూసే ధైర్యం లేక, పొట్టేలు కొమ్ము పట్టుకొని, “నేనే అన్నా. పాట పాడు జేసింది నేనే” అన్నాను. “మెట్లెక్కనియ్యకు. కానీ నాకు మీరు తప్ప ఎవరు లేరన్నా.”

రజిత పకపకా నవ్వింది. ఆమె వెనక మిగతా నలుగురూ నవ్వారు.

“ఓ మల్లేశ్, కచేరిల నీ ఎడమదిక్కు నిలవడ్డది ఎవరు?”

“నువ్వే.”

“కుడిదిక్కు?”

“సుధాకరన్న.”

“నీ ముందట ఇద్దరు, ఎనక ఇద్దరు మనోళ్ళే. గింత దగ్గర నుంచి నా చెవుల ఒర్లితే నాకు ఎరుకగాదా? చెవి రెండు రోజులు గుయ్యిమన్నది!”

“మరి... మూడు వారాల సంది?”

“నువ్వే ఒప్పుకుంటవని సూసినం. నువ్వేమో లేఖ రాస్తివి. ఇగ గది సదివినంక మజా వదలబుద్ధి గాలే. ఈ పొద్దు ఎట్లన్న నీతోని ఒప్పియ్యాలని వచ్చినం గానీ, గొర్లొచ్చి సాక్ష్యం చెప్తయని మేం సుత అనుకోలే.”

కళ్ళు మూసుకొని పాలు తాగే పిల్లి తనను ఎవరూ చూడడం లేదనుకుంటుందట. అది నాకంటే తెలివైనది, తాగేటప్పుడు అరవదు.

బాపుకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. సుధాకరన్న అంతా విడమరిచి చెప్పి, ఆ పాట మళ్ళీ మొదటినుంచి వినిపించాడు. బాపు చివరిదాకా విని, మీసం సర్దుకున్నాడు. “అంటే మావోడు ఒక్క కేకేస్తే మైకు వట్టుకున్నోడు సుత ఆగిండా? శభాష్! మా గొర్లే రెండు కేకలకు గానీ ఆగయి.”

ఆ మాటకు, మూడు వారాలుగా మొహం ముడుచుకొని ఉన్న సుధాకరన్న పొట్ట పట్టుకొని నవ్వాడు. కళ్ళు తుడుచుకొని తీర్పు చెప్పాడు. “అన్న మాట అన్నదే మల్లేశ్, మెట్లెక్కనియ్య. ఒక నెల దినాలు కింది మెట్టు మీదనే కూసో. చాయ్ గూడ గాడికే వస్తది.”

ఆ నెలంతా కింది మెట్టు మీదే కూర్చున్నాను. రెండో వారం నుంచి మిగతావాళ్ళూ వచ్చి అక్కడే కూర్చున్నారు, చాయ్ ముందుగా దొరికేది అక్కడే మరి.

కాబట్టి పాఠకులారా, నిండు మనసుతో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ కచేరీలోనూ, ఏ పాట మధ్యనా, ఎంత గుండె నిండినా నోరు తెరవను. ఒకవేళ తప్పనిసరై తెరిచినా, కళ్ళు మాత్రం మూసుకోను.