తడి చేత్తో తుడిచిన గీత

వంటింట్లో ట్యూబులైటు కొట్టుకుంటా ఉంటే కొత్తది తెద్దామని బజార్లో కరెంటు సామాన్ల దుకాణానికి పోయినాను. దుకాణదారు లైటు వెలిగించి చూపిస్తూ, "మీ ఇంటికి కరెంటు పనిచేసిన మామ పోయినాడు గదమ్మా, తెలవదా? ఆదివారం పొద్దున. గుండె నొప్పంట" అన్నాడు. నేను లైటు వైపే చూస్తూ "అట్లనా" అన్నాను. లైటుకు డబ్బులిచ్చినాను. లైటు ఇంటికి తెచ్చి గోడకు ఆనించినాక, దాన్ని బిగించడానికి ఎవరిని పిలవాలో తోచలేదు. అప్పుడు కూర్చుండిపోయినాను.

మార్కాపురంలో మా వీధి మొత్తానికీ ఆయన కరెంటు మామ. నా నాయన వయసువాడే అయినా, అందరూ మామా అంటుంటే నేనూ అట్లే పిలిచినాను. మేము ఇల్లు కట్టుకున్న ఏడాది పనికి వచ్చినాడు. ఇటుక గోడలు లేచి స్లాబు పడింది, గోడలకు పూత ఇంకా కాలేదు. నేను ఫోన్లో దాచుకున్న ఫోటోలు చూపించినాను. సీలింగు లోపల దాగిన లైట్లు, ఒక్క మచ్చ లేని గోడలు. అద్దాలు నుదుటి మీదికి ఎత్తి ఓపిగ్గా అన్నీ చూసినాడు.

"బొమ్మలు బాగున్నాయమ్మా. వీటిల్లో మనుషులే లేరే?"

నేను నవ్వినాను. ఇంజనీరు మాదిరి ప్లాను గీసి ఇస్తాడనుకుంటే, "రేపు ఇంట్లో అందరూ రాండి, ఒక మంచం గూడా తెప్పించండి" అన్నాడు. ఆయన పని తీరు అది. కాగితం లేదు. జేబులో బలపం ముక్క, పలకల ఫ్యాక్టరీ కాడ ఏరుకున్నది. గదిలో మంచం వేయించి మనుషుల్ని పండుకోబెట్టి, కళ్లు మూసుకోమని, "ఇప్పుడు కరెంటు పోయి వచ్చింది, ఫ్యాను వెయ్యాల" అనేవాడు. చెయ్యి గోడ మీద ఎక్కడ తగిలితే అక్కడ గీత గీసేవాడు.

"స్విచ్చి పెట్టేది కంటికి కాదమ్మా, చేతికి."

నన్ను వంటింట్లో నిలబెట్టి లేని మిక్సీ తిప్పించినాడు, లేని కూరగాయలు తరిగించినాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఉప్పు తక్కువైంది" అని ఎగతాళి చేసినాడు. మామ మాత్రం నవ్వకుండా, "లైటు నీ వెనక పెడితే నీ నీడ నీ చేతుల మీదే పడుతుంది. ముందుండాల" అని నా ఎదురుగా గోడ మీద గుండ్రంగా గీసినాడు. ఈ రోజుకీ ఆ లైటు కిందే వంట చేస్తున్నాను. నా నీడ నా చేతుల మీద పడదు.

తర్వాత మా అత్త వంతు వచ్చింది. పరాయి మగమనిషి ముందర మంచం మీద పండుకోవడమా? కొంగు బిగించుకొని, "నాకేం స్విచ్చిలొద్దు నాయనా, యాడుంటే ఆడికే లేచిపోతా" అనింది.

"నేను బయటికి పోతా అక్కా. నువ్వు పండుకో, నీ కోడలు గీస్తాది" అని బలపం నా చేతిలో పెట్టి, గుమ్మం అవతల రోడ్డు వైపు తిరిగి నిలబడినాడు. అత్త పండుకునింది. కళ్లు గట్టిగా మూసుకొని కుడిచెయ్యి చాపింది. ఆమె వేళ్లు ఆగిన చోట, మంచం పట్టెకు జానెడు పైన, గీత గీసినాను. గీసింది నేనే.

మరుసటి రోజు ఒక్కదాన్నే గోడలు తడపడానికి పోయినాను. ట్యాంకరు నీళ్లు పట్టుకున్న డ్రమ్ములు నిండుగా ఉన్నాయి. అత్త గది గోడ వాకిట్లోంచి సూటిగా కనపడుతుంది. ఒంగోల్లో, నాతోపాటు కాలేజీలో పాఠాలు చెప్పే ఆమె ఇంట్లో చూసిన నున్నని గోడ నా మనసులో ఉంది. ఆ మధ్యలో, అంత కింద, తెల్లటి స్విచ్చి బోర్డు! మామతో చెప్పొచ్చు. అత్తతో చెప్పొచ్చు. చెబితే ఇద్దరూ కారణం అడుగుతారు. నా కారణం అందం. పైకి అనాలంటే సిగ్గేసింది. చెంబెడు నీళ్లు పోసి, అరచేత్తో రుద్దినాను. పలక తుడిచినట్టు పోయింది.

ఆయన వచ్చి గీత ఉన్న చోటల్లా వైరు పైపు కోసం గోడకు గాడి కొట్టినాడు. అత్త గదిలోకి వచ్చి ఆ గోడ ముందర కాసేపు నిలబడినాడు. నేను ఫోను చూసుకుంటున్నాను. తలగోక్కొని, గుమ్మం పక్కనుండే స్విచ్చికి గాడి కొట్టి పోయినాడు.

గృహప్రవేశానికి వచ్చినోళ్లు గోడ బాగుందన్నారు.

రెండేళ్లకు, ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున అత్త మంచం దిగి, గుమ్మం కాడి స్విచ్చి కోసం తడుముకుంటా పోయి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనై ఇంటికొచ్చినాక చూడ్డానికి చుట్టాలు వచ్చినారు. మామ గూడా బత్తాయిలు పట్టుకొని వచ్చి ఒక మూల కూర్చున్నాడు. గిద్దలూరులో ఉండే మా ఆడబిడ్డ గది అంతా చూసి, "ఏంది వదినా, ముసలామె మంచం కాడ ఒక్క స్విచ్చి లేదా?" అనింది.

అత్త మెల్లగా, "ఆ పొద్దు గీసినారే..." అనబోయింది.

"గీసినాం. గాడి కొట్టేటప్పుడు మామ మర్చిపోయినట్టుండాడు" అన్నాను.

మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! అందరూ ఆయన వైపు తిరిగినారు. ఆయన లేచి నిలబడి, "అవునమ్మా. నాదే పొరపాటు" అన్నాడు. నన్ను కాపాడటానికి అన్నాడేమో అని అప్పుడు అనుకున్నాను. అనుకొని, లోపల ఒకింత తేలికపడినాను గూడా.

మరుసటి రోజే వచ్చి గోడ మీద పైపైనే వైరు పట్టీ బిగించి మంచం పక్కకు స్విచ్చి తెచ్చినాడు. "మాఫీ చెయ్యక్కా" అన్నాడు. "నీ తప్పేముందిలే తమ్ముడా" అనింది అత్త. నేను కాఫీ గ్లాసు పట్టుకొని గుమ్మంలో ఉన్నాను.

ఆడబిడ్డ ఇల్లు మొదలుపెట్టినప్పుడు పని ఇంకొకరికి ఇచ్చింది. "ముసలోళ్ల మంచం కాడ మర్చిపోయేటోడు నాకెందుకు వదినా?" అంటే, నేను విననట్టు ఉన్నాను. తర్వాత మామ ఎన్నిసార్లు మా ఇంటికి రాలేదు! ఫ్యాను రిపేరుకు, మోటారు స్టార్టరుకు. వచ్చిన ప్రతిసారీ చెబుదామనుకునేదాన్ని. స్విచ్చి ఉన్నా అత్త పడేదేమో, ఇప్పుడు తవ్వితే ఎవరికి లాభం అని నాకు నేనే వాదించుకునేదాన్ని. కాలేజీలో గంటసేపు ఆగకుండా పాఠం చెప్పేదాన్ని, ఆయనకు ఒక్క వాక్యం చెప్పలేకపోయినాను.

దుకాణంలో కబురు తెలిసిన మూడోరోజు సాయంత్రం వాళ్లింటికి పోయినాను. ఒక్క గది, వంటకు చిన్న వసారా. మామ భార్య నేల మీద గోడకు ఆనుకొని కూర్చోనుంది. పక్కన, ఆమె కూలికి పలకలకు బిగించే చెక్క చట్రాలు కట్టలు కట్టలుగా, ముట్టుకోకుండా పడున్నాయి. నేనూ నేల మీద కూర్చుని, ఆ గీత నేనే తుడిచినానని చెప్పినాను. నీళ్లు పోసింది, రుద్దింది, చుట్టాల ముందర ఆడిన అబద్ధం, అన్నీ.

ఆమె కొంగు మోకాళ్ల మీదికి లాక్కునింది.

"మీ అత్తను చూడొచ్చిన రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదమ్మా ఆయన" అనింది. "గీత గీయించినా, అది బాగా గుర్తుంది. గాడి ఎందుకు కొట్టలేదో గుర్తొస్తలేదు అన్నాడు. వయసైపోయింది, బుర్ర పనిచేస్తలేదు అన్నాడు. దాని తర్వాత ఏ ఇంటికాడైనా గీతలన్నీ లెక్కపెట్టి, ఇంటికొచ్చి నాకు అప్పజెప్పేటోడు. మర్చిపోతే నువ్వు గుర్తుచెయ్యి అని."

ఆయన నన్ను కాపాడలేదు. నమ్మినాడు. నా మాట నమ్మి, తన బుర్రను అనుమానించినాడు.

"ఆయనుండంగా చెప్పింటే బాగుండు గదమ్మా" అనింది ఆమె. గొంతులో కోపం లేదు. ఉంటే ఆ కోపాన్నైనా పట్టుకొని నిలబడేదాన్ని.

గదిలో వెలుగు తగ్గిపోయింది. ఆమె నా మొహం వైపే చూస్తోంది. చూస్తూనే కుడిచెయ్యి పక్కకు చాపింది. అక్కడ, నేల నుంచి మూరెడు ఎత్తులో, కూర్చుని పని చేసుకునే మనిషికి సరిగ్గా అందేటట్టు, ఒక్కటే స్విచ్చి. చుట్టూ సున్నం వేళ్ల తాకిడికి నల్లబడి ఉంది. ఆమె తడుముకోలేదు, తల తిప్పలేదు. చెయ్యి దానంతట అదే పోయింది.

లైటు వెలిగింది. నేను తల దించుకున్నాను.