అవ్వ మాచిపత్రి కుండీ

మొన్న వినాయక చవితినాడు మేడ్చల్‌లో మా చిన్నాయన ఇంట్లో పూజకు కూర్చున్నాం. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, పత్రి పూజలో మొదటిదే "మాచీపత్రం పూజయామి" అని చదివాడు. అందరం పత్రి కట్ట విప్పి వెతికాం. మార్కెట్లో కొన్న కట్టలో ఏముంటుంది? రోడ్డు పక్క గడ్డి, నాలుగు మామిడాకులు, ఎవరి ప్రహరీ మీది నుంచో విరిచిన క్రోటన్ కొమ్మ. అప్పుడు చిన్నాయన కూతురు, మా చెల్లె, లోపలికి ఉరికి ఓ చిన్న గాజు సీసా తెచ్చింది. కొంపల్లి మాల్‌లో కొన్నదట, మొహానికి రాసుకునే కొరియా రసం. "గిది మాచిపత్రి రసమే డాడీ, ఫోన్ల చూసిన" అంటూ మట్టి వినాయకుడి మీద రెండు చుక్కలు వేసింది. బొజ్జ మీద రంగు కారింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఎందుకంటే అదే ఇంటి పెరట్లో, నీళ్ల తొట్టి పక్కన, మా అవ్వ మాచిపత్రి మడి ఉండేది. కనకాంబరాల మధ్య ఒక్కో రెబ్బ పెట్టి దండలల్లేది. ఎండాకాలం మా మొహాలకు పొక్కులొస్తే ఆ ఆకు నూరి పూసి, "కదలకుండ్రి, మొకం సల్లవడుతది" అని అందరినీ వరసగా అరుగు మీద కూర్చోబెట్టేది. పచ్చటి మొహాలతో ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ ఘాటుకు దోమలే కాదు, చుట్టాలు కూడా జల్దీ వెళ్ళిపోతారని ఇంట్లో హాస్యమాడేవారు. చిన్నమ్మ మాత్రం ముక్కు మూసుకుని, "ఇల్లంత గబ్బు లేస్తాంది అత్తమ్మా" అనేది.

కారు కొన్నాక చిన్నాయన పెరడంతా టైల్స్ వేయించాడు. మడి తవ్వుతుంటే అవ్వ అడ్డంపడి, "ఒక్క వేరు ముక్క ఉంచుర్రి బిడ్డా, కుండీల పెట్టుకుంట" అని అడిగింది. "పెడదాం తియ్యే, ముందు పని కానియ్యి" అన్నాడాయన. మట్టితోపాటు వేర్లన్నీ ట్రాక్టరెక్కి దూలపల్లి దిక్కు ఎవరి ప్లాటు నింపడానికో పోయాయి. అవ్వ కుండీలో మట్టి నింపుకుని కూర్చుంది. రోజూ దానికి నీళ్ళు పోసేది. మొక్క లేని కుండీకి నీళ్ళెందుకే అంటే, "మట్టి ఎండితే రేపు తెచ్చిన వేరు బతకది" అనేది. ప్రతి చవితికీ కొడుకుకు గుర్తుచేసేది. ఆయన ఊ కొట్టేవాడు. నిరుడు ఆషాఢంలో ఆమె పోయాక చిన్నమ్మ ఆ కుండీని వాన పడని కారు రేకుల కిందికి జరిపి, ప్లాస్టిక్ పూలు గుచ్చింది.

పూజ అయ్యాక ఉండబట్టలేక, "చిన్నాయనా, అవ్వ అడిగిన వేరు యాదికున్నదా?" అన్నాను.

"పండుగపూట గవన్నీ ఎందుకు బిడ్డా?" అన్నాడాయన, నా వైపు చూడకుండా.

ఒకప్పుడు గబ్బు అన్న చిన్నమ్మే ఇప్పుడు కూతురి సీసాలోంచి ఓ చుక్క తీసుకుని చెంపలకు రాసుకుంటోంది. ఇక అక్కడ నిలబడలేకపోయాను. పెరట్లోకి వెళ్ళి ఆ ప్లాస్టిక్ పూలు పీకి పారేసి, కుండీలో చెంబెడు నీళ్ళు పోశాను. మట్టిలోకి ఇంకలేదు, పైనే నిలబడ్డాయి. మా తీరిక కోసం ఎదురుచూస్తూ అవ్వ అన్నేళ్ళు తడిగా ఉంచిన మట్టి, ఆమె లేని ఒక్క ఎండాకాలానికే రాయైపోయింది.