మంచిర్యాలలో పొద్దున్నే గోల్ఫు ఆడి సిగ్గుపడిన ముచ్చట

గోల్ఫు ఒంటరిగా ఆడితేనే నాకు ఇష్టం. పక్కన ఎవరైనా ఉంటే బంతి తుప్పల్లోకి పోతుంది, మనసు వాళ్ల నవ్వు మీదికి పోతుంది. సికింద్రాబాద్‌లో పనిచేసిన రెండేళ్లలో అంటుకున్న పిచ్చి ఇది. ఎనభైల చివర్లో బ్యాంకు వాళ్లు నన్ను కరీంనగర్‌కు బదిలీ చేశారు. అక్కడ ఆడే చోటు లేక కర్రల సంచి అటకెక్కింది. అంతలో గోదావరి అవతల ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్న స్నేహితుడు ఉత్తరం రాశాడు. కాలనీ వెనక ఆరు గుంతల గోల్ఫు మైదానం చదును చేశారట, ఆదివారం తప్ప అటు ఎవరూ రారట, గెస్ట్‌హౌసు ఖాళీగానే ఉందట. అడిగిందే తడవుగా నాలుగు రోజులు సెలవు దొరికింది.

పొద్దున ఏడింటి బస్సెక్కితే పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా మంచిర్యాల చేరేసరికి పది దాటింది. టికెట్టు పది, పన్నెండు రూపాయలకు మించలేదని గుర్తు. కండక్టరు నా సంచి తడిమి ఇవేం కర్రలని అడిగాడు. ఆడుకోవడానికని చెబితే నన్ను ఎగాదిగా చూసి లగేజీ టికెట్టు కొట్టాడు. స్టాండు నుంచి కాలనీకి రిక్షాలో ముప్పావు గంట పట్టింది. గెస్ట్‌హౌసులో వంట మల్లవ్వది. యాభై దాటిన మనిషి, కాలనీ గోడ అవతలి కూలీల గుడిసెల్లో ఉంటుంది.

మర్నాడు ఆరు కాకముందే మైదానంలో ఉన్నాను. గడ్డి పేరుకే ఉంది. బంతి దొర్లడానికి గుంతల చుట్టూ ఇసుకలో పాత ఇంజనాయిలు కలిపి గుండ్రంగా అణగదొక్కారు. పలచగా మంచు. కొడితే టక్కుమని ఒక చప్పుడు, తర్వాత ఏమీ ఉండదు, కాసేపటికి ఎక్కడో బంతి పడ్డట్టు తెలుస్తుంది. ఆ సుఖం అబద్ధమని ఇప్పటికీ అనలేను. మూడో గుంత దగ్గరికి వచ్చేసరికి దూరంగా తుమ్మచెట్ల వరుసలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. నన్ను ఎవరో ఆఫీసరనుకుని మర్యాద చేస్తున్నారనుకున్నాను. టోపీ తీసి ఊపాను కూడా. నా ఆట ముగిసేదాకా, దాదాపు గంటసేపు, వాళ్లు అట్లాగే నిలబడి ఉన్నారు.

రెండో రోజు ఇంకా ముందే వెళ్లాను. మళ్లీ లేచారు. ఒంటరితనమే ఇష్టమన్న పెద్దమనిషిని, చూసేవాళ్లున్నారన్న ఊపులో ఆరు గుంతలూ రెండుసార్లు చుట్టి వచ్చాను.

తిరిగొచ్చి, మల్లవ్వ వేడివేడి జొన్నరొట్టె వడ్డిస్తుంటే గొప్పలకు పోయాను. మీ వాళ్లకు మర్యాద ఎక్కువ, నేను కనబడగానే లేచి నిలబడుతున్నారు, ఇక రేపటి నుంచి కూర్చోమని చెప్పు అన్నాను. ఆమె పెనం మీది రొట్టె తిప్పి, నా మొహం చూడకుండా జవాబు చెప్పింది.

"మర్యాదకు కాదు సారూ. ఆడోళ్లం చెంబు వట్టుకొని ఆడికే పోతం. మొగమనిషి కనవడితే లేస్తం, ఆయన పోయినంక కూసుంటం. నువ్వు పోతలేవు. నా బిడ్డ నెలలు నిండినది, రెండు దినాలసంది గట్లనే నిలవడ్డది."

మీ ఊళ్లో ఆడవాళ్లు ఇట్లా లేచి నిలబడరా అని ఆమె మామూలుగానే అడిగింది. మాది చొప్పదండి. చిన్నప్పుడు అవ్వ కొంగు పట్టుకుని చీకటితో ఊరి బయటికి వెళ్లినవాణ్ణే. బాట మీద సైకిలు బెల్లు మోగితే అవ్వ దిగ్గున లేచేది, అది దూరమయ్యేదాకా నా చెయ్యి వదిలేది కాదు. ఇంత తెలిసిన నోటితోనే, మాది హైదరాబాద్ అన్నాను.

"గట్లనా," అంది మల్లవ్వ. "పట్నపోళ్లకు ఎర్కుండదు తియ్యి సారూ. గిండ్ల నీ తప్పేమున్నది." ఇంకో రొట్టె నా పళ్లెంలో వేసింది.

మూడో రోజు పొద్దున మైదానం వైపు పోలేదు. కిటికీ మూసుకుని మంచం మీద పడి ఉంటే, గోడ అవతల నుంచి ఆడవాళ్లు ముచ్చట్లు పెట్టుకుంటూ పోతున్నది వినిపించింది. మధ్యాహ్నం బస్సుకే బయలుదేరాను. మల్లవ్వ దారికి రొట్టెలు కట్టిచ్చి, వాకిలి దాకా వచ్చింది. నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, పైలం, జాగ్రత్తగా ఉండు అని మాత్రం అన్నాను. తర్వాత చాలా మైదానాల్లో ఆడాను. తెలియక చేసిన తప్పు కాదు ఇది, తెలిసిందాన్ని ఉద్యోగంలో పడి మర్చిపోయి చేసిన తప్పు. ఆమె మన్నించింది హైదరాబాద్ మనిషిని. చొప్పదండి వాడు ఆమెకు కనబడనేలేదు.

అటువైపు వెళ్లి పొద్దున్నే ఆడాలనుకునేవాళ్లకు ఒక్క మాట. మైదానం ఖాళీగా ఉంటుందని చెప్పిన మగవాళ్ల మాట నమ్మకండి, వంటింట్లో ఉన్న ఆడమనిషిని అడగండి. ఏడు దాటాక వెళ్తే బంతి కూడా బాగా కనిపిస్తుంది.