టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీ

మొన్నొక సాయంత్రం మా అల్లుడు టీవీలో అమెరికా వార్తలు పెట్టుకుని కూర్చున్నాడు. అందులో ఒకే పార్టీకి చెందిన ఇద్దరు పెద్దమనుషులు అసలైన కన్సర్వేటివుని నేనంటే నేనని గొంతులు చించుకుంటున్నారు. పక్కనే హోంవర్కు చేసుకుంటున్న మా మనవరాలు పెన్సిలు నోట్లో పెట్టుకుని కాసేపు చూసి, "అమ్మమ్మా, సేమ్ సైడ్ వాట్, వై ఫైటింగ్?" అంది. ఈ దేశంలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతుంది, ఇంగ్లీషులో అడిగితే సింగపూరు యాసలో చెబుతుంది. అల్లుడు నవ్వేసి చానెల్ మార్చాడు గానీ నా మనసు మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోయింది, ఎందుకంటే ఆ పిల్ల తల్లి ఇంకా బడికి వెళ్తున్న రోజుల్లో, పాసిర్ రిస్‌లోని చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే ఒక హాకర్ సెంటర్ బల్ల దగ్గర కూర్చుని, నేనూ అదే ప్రశ్నతో ఎన్నో శనివారాలు గడిపాను.

ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఇంటికొక కంప్యూటర్ కోర్సు, వీధికొక ఇన్‌స్టిట్యూట్ బోర్డు, కోబాల్ నేర్చుకున్నవాళ్ళని పిలిచి మరీ వీసా చేతిలో పెట్టిన కాలం. మేము అనంతపురం నుంచి అలా వచ్చినవాళ్ళమే. మా వారికి బ్యాంకు ఆఫీసులో, నాకు చాంగీ బిజినెస్ పార్కులో ఒక అమెరికా కంపెనీలో ఉద్యోగాలు. అప్పటికి అక్కడ సగం కట్టిన భవనాలు, పూర్తిగా కాసే ఎండా తప్ప పెద్దగా ఏమీ లేవు; బస్సు దిగి ఆఫీసు చేరేసరికి మొహాన రాసుకున్న పౌడరంతా మెడ మీదికి జారేది. లిఫ్టులో అందరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం, మా బాసు ఎక్కితే మాత్రం అందరం ఒక్కసారిగా ఇంగ్లీషులో మౌనంగా ఉండేవాళ్ళం.

ఆ బాసు అమెరికా మనిషి, పొడుగ్గా, ఎర్రగా, ఎండకి ఎప్పుడూ ముక్కు మీద తోలు ఊడినట్టుండేవాడు. దొరల వీధుల్లో ఉండగలిగీ మా పాసిర్ రిస్‌లో సముద్రం పక్కన ఫ్లాటు తీసుకుని, హాకర్ సెంటర్‌లో కొబ్బరిపాల జాము రాసిన కాయా టోస్టు, ఇక్కడివాళ్ళు కోపీ అని పిలిచే కాఫీ గ్లాసుడు లేనిదే శనివారం మొదలుకాదనేవాడు. ఒక శనివారం సర్వరు ఆగిపోయి, ఆయన అనుమతి కోసం నేను అక్కడికే వెళ్ళాల్సి వచ్చింది. పని అయిపోయాక ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి నాకూ ఒక కోపీ తెప్పించింది. మా పాప ఆవిడని ఆంటీ అని పిలిచేది, వినీ వినీ నేనూ ఆంటీ అనే అనడం మొదలుపెట్టాను, వయసులో పెద్ద తేడా లేకపోయినా ఆవిడ ఏమీ అనుకోలేదు. ఆ తర్వాత నా ఇల్లే దగ్గర కాబట్టి ముందుగా వెళ్ళి ఆ బల్ల చోప్ చేసే పని నాకు పడింది. చోప్ చేయడమంటే ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఖాళీ కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళ్ళిపోతే చాలు, ఎంత రద్దీలోనైనా, ఎంత ఆకలితో ఉన్న మనిషైనా ఆ కుర్చీ జోలికి రాడు.

ఆ బల్ల దగ్గరకి వచ్చేది నలుగురు. మా బాసు, ఆంటీ, ఆంటీ తమ్ముడు, ఇంకా మిషన్ బడిలో చదువు చెప్పే ఒక అమెరికా టీచరు. ఆంటీ తమ్ముడు, అంటే మా బాసుకి బావమరిది, ఓడలు బాగుచేసే యార్డులో ఇంజనీరు, ఊరికి అవతలి కొసనున్న యీషున్‌లో కాపురం, రైళ్ళు మారి మారి వచ్చేవాడు. నలుగురూ కన్సర్వేటివులమనే చెప్పుకునేవాళ్ళు, అంటే పాత విలువల్ని, పాత పద్ధతుల్ని నిలబెట్టాలనేవాళ్ళన్నమాట. కానీ ఇంటిపేరు ఒకటే అయినా పొయ్యిలు మూడు. మా బాసు దృష్టిలో ప్రభుత్వం పక్కకి తప్పుకుని వ్యాపారాన్ని దాని దారిన పోనివ్వాలి, మిగతావన్నీ అవే చక్కబడతాయి. బావమరిదికి తన దేశం, తన ఊరి ఫ్యాక్టరీ, తన సరిహద్దు ముందు, పరాయి దేశాల యుద్ధాలు మనకెందుకు అనేవాడు. టీచరుకి దేవుడూ కుటుంబమూ బాగుంటే ఈ రెండు గొడవలూ అక్కర్లేదు. ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెం, ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరూ అసలైనవాళ్ళు కారనేవాళ్ళు, ఆంటీ మాత్రం టోస్టు ముక్కలు చేసి అందరి ప్లేట్లలోనూ సమానంగా వేసేది.

నాకు చిన్నప్పటినుంచీ ఇతరుల తగాదాలు వినడమంటే మహా ఇష్టం. సీమవాళ్ళమనగానే జనానికి బాంబులు గుర్తొస్తాయి గానీ మా ఇంట్లో కూరలు తరిగే కత్తి తప్ప వేరే ఆయుధం ఎరగను. కాకపోతే వర్గాల కొట్లాటలు వింటూ పెరిగాను కాబట్టి, ఏ కొట్లాట వెనకైనా ఒక పొలం గట్టో, ఒక నీళ్ళ బావో, ఒక కాంట్రాక్టో ఉండి తీరుతుందని నా గట్టి నమ్మకం. ఈ అమెరికావాళ్ళు వట్టి మాటల కోసం, ఎవరు అసలు ఎవరు నకిలీ అని తేల్చుకోవడం కోసం కోపీ చల్లారేదాకా వాదించుకోవడం నాకు వింతగా ఉండేది. ఇంటికెళ్ళి పూసగుచ్చినట్టు చెబితే మా వారు పప్పన్నం కలుపుకుంటూ, "వాళ్ళ పంచాయితీ నీకేటికి మే, ఊరకుండక" అనేవారు. ఊరకుండటం నా జాతకంలో లేదు. పైగా ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మూడు సంఘాలు పెడతారని మనల్ని మనమే ఎగతాళి చేసుకుంటామే, ఆ గొప్ప మనకొక్కరికే లేదని తెలిసి లోలోపల కాస్త ఊరట కూడా కలిగింది.

ఇరాక్ మీద యుద్ధం గురించి లోకమంతా మాట్లాడుకుంటున్న రోజుల్లో ఆ బల్ల దగ్గర వాదాలు బాగా ముదిరాయి. అదే సమయంలో ఒక శనివారం మా బాసు ఉత్సాహం పట్టలేక, అమెరికాలో తమ ఇంకో ఆఫీసు చేసే పని మొత్తం మా దగ్గరికి రాబోతోందని, మా టీమే చేస్తుందని నా వైపు చూపిస్తూ చెప్పాడు. బావమరిది గ్లాసు కింద పెట్టి, ఆ పని చేస్తున్నవాళ్ళకి కూడా ఇళ్ళూ పిల్లలూ ఉంటారు కదా, వాళ్ళని అడిగావా అన్నాడు. మాట పెరిగింది. కార్మిక సంఘంవాడిలా మాట్లాడుతున్నావు, నువ్వసలు కన్సర్వేటివువే కావని మా బాసు అనేశాడు. బావమరిది, "అయితే నువ్వు కాపాడుతున్నదేమిటో చెప్పు, దేశాన్నా, కంపెనీనా?" అని, గ్లాసు పట్టుకుని లేచి, అవతల ఇంకో బల్ల దగ్గర మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను తలొంచుకున్నాను, తగాదా గట్టు కోసమైతే ఆ గట్టు మీద నిలబడ్డది నేనే మరి.

ఇక రాడనుకున్నాం. కానీ మరుసటి శనివారం కూడా వచ్చాడు. అంత దూరం నుంచి రైళ్ళు మారి వచ్చి, అదే సెంటర్‌లో అదే దూరపు బల్ల దగ్గర, అలాగే వీపు పెట్టి కూర్చునేవాడు. యీషున్‌లో కోపీ దొరకదా అని నాకు నవ్వొచ్చేది, కానీ ఆంటీని చూస్తే ఆ నవ్వు నిలిచేది కాదు. ఆవిడ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. సగం కోపీ మొగుడి దగ్గర తాగి, మిగతా సగం గ్లాసు పట్టుకుని తమ్ముడి బల్లకి నడిచేది, రెండు చోట్లా రెండో మనిషి ఊసెత్తేది కాదు. ఆవిడకి పిల్లలు లేరు, ఈ ఇద్దరే ఆవిడ ప్రపంచం. తమ్ముడి కాంట్రాక్టు త్వరలో అయిపోతుందనీ, ఇలా మాటల్లేకుండానే వెళ్ళిపోతే ఇక ఎప్పటికీ కలవరనీ ఆవిడ భయం.

ఒకరోజు మార్కెట్టు నుంచి కలిసి వస్తూ నేను ఉండబట్టలేక అడిగేశాను, అసలు వీళ్ళిద్దరి మధ్యా పొలం గట్టు ఏమైనా ఉందా అని. ఆవిడ ముందు పగలబడి నవ్వింది, తర్వాత నడక ఆపి చెప్పింది. వాళ్ళ నాన్న అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో బట్టల మిల్లులో జీవితమంతా పని చేశాడట. మిల్లు మూసేశాక ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుండిపోయాడట. అప్పుడు కొత్తల్లుడుగా వచ్చిన మా బాసు భోజనాల దగ్గర, మామగారి ఎదుటే, ఆ మిల్లు మూతపడటం ఎందుకు న్యాయమో ఓపిగ్గా వివరించాడట. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదమ్మా, చెప్పిన చోటే తప్పు, అంది ఆంటీ. ముసలాయన పళ్ళెం పక్కకి జరిపి లేచాడట, ఎదుట కూర్చున్న కొడుకు అది చూశాడట. పుస్తకాల్లో సిద్ధాంతాలు వాళ్ళిద్దరూ తర్వాతెప్పుడో చదువుకున్నారు. నా అనుమానం వమ్ము కానందుకు సంబరపడాలో, ఆ ముసలాయన కోసం బాధపడాలో తెలియక చేతిలో తోటకూర కట్ట పట్టుకుని నిలబడిపోయాను.

ఇంతలో నేనొక పొరపాటు చేశాను. చెయ్యి అలవాటు చొప్పున అన్ని కుర్చీల మీదా టిష్యూ ప్యాకెట్లు పెట్టేస్తూ, లేచిపోయిన బావమరిది కుర్చీ మీద కూడా ఒకటి పెట్టేశాను. మా బాసు వచ్చి చూశాడు, నేను గబగబా తీయబోయాను. ఆయన అటు చూడకుండానే టోస్టు మీద వెన్న రాసుకోవడం మొదలుపెట్టాడు, నేనూ దాన్ని అలాగే వదిలేశాను. కాసేపటికి ఆయనకి తెలిసిన ఇంకో అమెరికా పెద్దమనిషి వచ్చి ఆ ప్యాకెట్ తీసి కూర్చోబోతే, "అది ఖాళీ లేదు" అన్నాడు మా బాసు. ఆ మనిషి ఈ ఆచారానికి అలవాటు పడ్డవాడేమో, క్షమించమని ప్యాకెట్ మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ప్రతి శనివారం నేను కావాలనే ఆ కుర్చీ మీద ప్యాకెట్ పెట్టేదాన్ని. ఆంటీ నా వైపు చూసేది, నేను ఆవిడ వైపు చూసేదాన్ని. మాకు వీపు పెట్టుకున్న మనిషికి మాత్రం అది కనిపించే వీల్లేదు.

కోపీ కొట్టు దగ్గర వరసలో ఒకసారి బావమరిదీ నేనూ ముందూ వెనకా నిలబడ్డాం. ఆయన ఇబ్బందిగా, తన కోపం నా మీద కాదనీ, దొరికిన పని ఒళ్ళు దాచుకోకుండా చేసేవాళ్ళంటే తనకి గౌరవమేననీ, అడగాల్సింది మా బావనేననీ అన్నాడు. మా బావ అనడంలో ఎంత దగ్గరితనం ఉందో ఆయనకి తెలుసో లేదో. నేను ప్యాకెట్ సంగతి చెప్పేద్దామని నాలుక చివరిదాకా తెచ్చుకుని ఆగిపోయాను. చెబితే ఇద్దరూ మొండికేస్తారని భయం.

చివరికి ఆయన ప్రయాణం ఖాయమైంది. ఆఖరి శనివారం వీడ్కోలు చెప్పడానికి మా బల్ల దగ్గరకి వచ్చి, అక్కకి దండం పెట్టినంత పని చేసి, ఎక్కడ కూర్చోవాలో తెలియక తన పాత కుర్చీ వైపు చూశాడు. దాని మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. ఎన్నో ఏళ్ళు ఇక్కడ ఉన్నవాడు కదా, పక్కకి తీసి కూర్చోవడానికి చెయ్యి రాలేదు.

"ఇక్కడ ఎవరొస్తున్నారు?" అని అడిగాడు.

మా బాసు కోపీలోంచి చెంచా తీయకుండానే, "నువ్వే. నువ్వు లేచిన దగ్గర్నుంచీ నీదే" అన్నాడు.

బావమరిది ఆ ప్యాకెట్ తీసి చొక్కా జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. సినిమాల్లోలా ఇద్దరూ కౌగిలించుకుంటారేమో అనుకున్నాను గానీ, టోస్టు వచ్చేలోగానే యుద్ధం గురించి మళ్ళీ మొదలైంది, నువ్వు నకిలీ అంటే నువ్వు నకిలీ అని. ఆంటీ ఏడుస్తూనే టోస్టు ముక్కలు చేసి అందరి ప్లేట్లలోనూ వేసింది, ఆ రోజు నా ప్లేటులో కూడా ఒకటి ఎక్కువ వేసింది.

తర్వాత కొన్నాళ్ళకి మా ఆఫీసు పని కూడా ఇంకా చవకని హైదరాబాదుకి తరలిపోయింది, మా బాసు ఉద్యోగం పోయింది. అదే న్యాయమని ఆయన అప్పుడూ అన్నాడు, గొంతు కొంచెం తగ్గించి. బావమరిదే ఉత్తరోత్తరా ఫోన్ల మీద ఫోన్లు చేసి, తమ ఊళ్ళోనే ఇల్లు చూసిపెట్టి, అక్కనీ బావనీ రప్పించుకున్నాడు. అక్కడ కూడా శనివారం పొద్దున ఒక చిన్న హోటల్లో ఇద్దరూ కూర్చుని దెబ్బలాడుకునేవారని ఆంటీ ఎప్పుడైనా ఫోన్‌లో చెబుతుండేది.

ఈ మధ్య ఆవిడ గొంతు విన్నప్పుడు మా బాసు పోయి కొన్ని నెలలైందని తెలిసింది. తమ్ముడు ఇప్పటికీ ఆ హోటలుకి వెళ్తూనే ఉన్నాడట. జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి ఎదుటి కుర్చీ మీద పెడతాడట. ఆ ఊళ్ళో ఈ ఆచారం ఎవరికి తెలుసు, టిఫిను తెచ్చే అమ్మాయి ఎవరో మరిచిపోయారనుకుని తీసేస్తుందట. ఆయన ఇంకొకటి తీసి పెడతాడట.

మనవరాలికి నేనింకా జవాబు చెప్పలేదు. ఆ ఇద్దరిలో ఎవరు అసలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. మావాడివి కాదు పొమ్మనడం మాత్రం ఈ రోజుల్లో ఎంత తేలికైపోయిందో చూస్తున్నాను, ఫోను మీద ఒక్క వేలు ఆడిస్తే చాలు ఎదుటి మనిషి తెర మీంచి మాయం, అమెరికావాళ్ళనేముంది, మన సంఘాల వాట్సాప్ గుంపుల్లోనూ అంతే. మా కాలంలో అలా అనాలంటే గ్లాసు పట్టుకుని అందరి ఎదుటా లేచి నడవాలి, మళ్ళీ వారం యీషున్ నుంచి రైళ్ళు మారి వచ్చి వీపు పెట్టుకుని కూర్చోవాలి, అంత చేసినా వెనక్కి తిరిగి చూస్తే మన కుర్చీని ఎవరో ఒకరు మనకోసం అట్టే పెట్టి ఉంచేవారు.