డబ్బాల డాక్టరుకు వినపడని చప్పుడు

ఆ వీధిలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని అందరూ డబ్బాల డాక్టరనే పిలుస్తారు. మూలనపడ్డ డబ్బా ఏది తెచ్చిచ్చినా ముందు దాని వీపు తట్టి, "ఏం తల్లీ, ఎక్కడ నొప్పి?" అంటాడు. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పడతాడు. మనిషి వెన్నపూసే గానీ, తాను చేసిన డబ్బాకు వంక పెడితే మాత్రం ఒంటికాలి మీద లేస్తాడు.

ఈసారి వంక పెట్టింది కట్టుకున్న భార్య. చూపులేనివాళ్ళ గ్రంథాలయానికి పుస్తకాలు చదివి రికార్డు చేసే పని కోసం ఆవిడ ఎన్నాళ్ళుగానో ఉవ్విళ్ళూరుతోంది. పంపిన నమూనా తిరిగొచ్చింది. గొంతు బాగుందట, వెనకాల ఏదో గుర్రుమంటోందట. రేపు పొద్దున్నకల్లా మళ్ళీ పంపకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారట.

"చప్పుడా? నా డబ్బాలోనా? చీమ చిటుక్కుమన్నా నాకు వినపడదూ!"

"మీకెలా వినపడుతుందండీ? పొద్దస్తమానం కొట్లో ఆ రొదలోనే ఉంటారాయె," అంటూ ఆవిడ అతని అరచెయ్యి తీసుకుని డబ్బా మీద ఆనించింది.

రేకు సన్నగా వణుకుతోంది. బల్ల మీద చెయ్యేస్తే బల్లా వణుకుతోంది. డాక్టరు ముఖం చిన్నబోయింది. దొంగ హార్డ్‌డ్రైవే. అది తిరిగే అదురు రేకుకూ, రేకు నుంచి బల్లకూ, బల్ల మీది మైకుకూ పాకుతోంది.

చప్పుడు చెయ్యని కొత్తరకం డ్రైవ్ తెప్పించే వ్యవధి లేదు. పౌరుషం కొద్దీ అతను డ్రైవ్‌ను తలగడ దూదిలో చుట్టబెట్టాడు. చప్పుడు తగ్గింది కానీ, గాలాడక అది పెనంలా కాలిపోయి, ఆవిడ సగం పేజీ చదివేసరికి డబ్బా గుటుక్కుమంది.

"దుప్పటి కూడా కప్పకపోయారా, హాయిగా నిద్రపోయేది!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వుతూనే ఆవిడ కళ్ళు గడియారం వైపు పోవడం అతను చూశాడు. పాపం, ఎంత ఆశ పెట్టుకుందో అనుకున్నాడు.

తగిలినచోటే కదా అదురు పాకేది, అసలు తగలకుండా వేలాడదీస్తే? అతను బీరువా తెరిచి తన పైజామా నడుములోంచి ఎలాస్టిక్ సర్రున లాగేశాడు. డబ్బాలో ఖాళీగా ఉన్న అరకు దాన్ని అటూ ఇటూ బిగించి, డ్రైవ్‌ను ఆ ఉయ్యాలలో పడుకోబెట్టాడు. చుట్టూ గాలి ఆడుతుంది, ఎక్కడా రేకు తగలదు. డబ్బాను బల్ల మీంచి దించి, మడతపెట్టిన దుప్పటి మీద పెట్టాడు. మీట నొక్కి చెయ్యి ఆనించాడు. వణుకు లేదు. బల్ల మీదా లేదు. ఆ రాత్రే ఆవిడ మళ్ళీ చదివి నమూనా పంపేసింది.

మర్నాడు మధ్యాహ్నం గ్రంథాలయం నుంచి ఫోనొచ్చింది. "ఈసారి మీ గొంతొక్కటే వినపడిందమ్మా. పుస్తకం మొత్తం మీరే చదవండి." ఆవిడ ఫోను పెట్టేసి చిన్నపిల్లలా గెంతింది.

తన ప్రతాపం దగ్గరుండి చూసుకోవాలని డాక్టరు కుర్చీ లాక్కుని పక్కనే చతికిలబడ్డాడు. ఆవిడ మొదటి పేజీ తెరిచి ఆగింది.

"ఏమండీ, ఇంకో చప్పుడు మిగిలింది."

"ఎక్కడ?" అతను కంగారుగా డబ్బా మీద చెయ్యేశాడు.

"అక్కడ కాదు, మీరే! బుసలు కొడుతూ ఊపిరి తీస్తున్నారు. బయటికెళ్ళి తలుపెయ్యండి."

అతను వెళ్ళి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. అంతలో పాడైన డబ్బా చంకనెట్టుకుని ఎవరో వచ్చి, "డాక్టరుగారూ!" అని కేకెయ్యబోయారు.

డాక్టరు చప్పున లేచి ఆ వచ్చినాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మెల్లగా బాబూ, మెల్లగా! లోపల మా ఆవిడ చదువుతోంది."